వెరీ, టూ, క్వైట్: ఇంగ్లీషులో అతిశయబోధకాలు

ఇంటికి వచ్చిన అతిథికి గృహిణి టీ అందించి, ఆయన ముఖం వైపు చూస్తుంది. అతిథి ఇంగ్లీషులో ‘ద టీ ఈజ్ వెరీ హాట్’ అంటే ఆమెకు చింత లేదు. టీ బాగా వేడిగా ఉన్నదని ఆయన చెప్పాడు, అంతే. అదే అతిథి ‘ద టీ ఈజ్ టూ హాట్’ అంటే ఆమె కప్పు వెనక్కు తీసుకొని, చల్లార్చి తెస్తుంది. టీ మారలేదు, దాని వేడి మారలేదు, ‘హాట్’ అనే విశేషణమూ మారలేదు. దాని ముందున్న చిన్న మాట ఒక్కటే మారింది.

ఇంగ్లీషు నేర్చుకొనే తెలుగు విద్యార్థుల ఉత్తరాలలోను, జవాబుపత్రాలలోను ఈ చిన్న మాట తరచుగా తారుమారవుతుంది. తమ అధ్యాపకుడు ‘టూ సిన్సియర్’ అనీ, తమ ఊరి చెరువు ‘టూ బ్యూటిఫుల్’ అనీ వారు వ్రాస్తారు. వ్రాసినవారి ఉద్దేశం ప్రశంస. చదివిన పరభాషీయునికి అది ఆక్షేపణగా కనిపించవచ్చు. ఉద్యోగానికి పంపిన దరఖాస్తులో ఒక అభ్యర్థి తనను తాను ‘టూ ఆనెస్ట్’ అని వర్ణించుకుంటే, చదివే అధికారికి ‘ఇతని నిజాయితీ హద్దు మీరినదా?’ అనే అనుమానం కలుగుతుంది. వ్యాకరణ దోషమైతే చదివేవారు గుర్తించి సరిదిద్దుకుంటారు. ఇక్కడ దోషం పైకి కనిపించదు. వాక్యం సలక్షణంగానే ఉండి, అర్థం మాత్రం ఎదురు తిరుగుతుంది.

నామవాచకం గుణాన్ని చెప్పేది విశేషణం. క్రియ జరిగిన తీరును చెప్పేది క్రియావిశేషణం. అయితే ఇంగ్లీషులో క్రియావిశేషణాల వర్గంలోనే మరొక జాతి మాటలున్నాయి. అవి క్రియ జోలికి అంతగా పోవు. విశేషణం ముందు నిలిచి, ఆ గుణం ఎంత మేరకు ఉన్నదో చెబుతాయి. ‘యాన్ ఓల్డ్ హౌస్’ అంటే పాత ఇల్లు. ‘ఎ వెరీ ఓల్డ్ హౌస్’ అంటే చాలా పాత ఇల్లు. ‘వెరీ’ అనే మాటను తీసివేసినా వాక్యం కూలిపోదు. కొలత మాత్రం పోతుంది. వీటినే ఇంగ్లీషు వ్యాకర్తలు ‘ఇంటెన్సిఫయర్లు’ అంటారు, తెలుగులో అతిశయబోధకాలు అనవచ్చు. రాండాల్ఫ్ క్వర్క్, ఆయన సహచరులు 1985లో ప్రకటించిన బృహద్వ్యాకరణంలో వీటిని రెండు పెద్ద పాయలుగా విడదీశారు. గుణాన్ని పైకి పెంచేవి ఒక పాయ. ‘స్లైట్లీ’, ‘హార్డ్లీ’ వంటి, కిందికి దించేవి రెండవ పాయ. దించేవాటిని కూడా అతిశయబోధకాలనే పిలవడం కొంత వింతగా తోచినా, రెండింటి పనీ కొలవడమే.

కొలవాలంటే కొలతకు లొంగే గుణం ఉండాలి. సంస్కృత వ్యాకరణం నుండి తెలుగులోకి వచ్చిన ‘తరతమ భేదం’ అన్న మాట ఇక్కడ చక్కగా ఉపకరిస్తుంది. గురువు, గురుతరం, గురుతమం అని మెట్లు కట్టగల గుణాలు కొన్ని. అటువంటి మెట్లు లేనివి కొన్ని. ‘కోల్డ్’ అనే గుణానికి మెట్లున్నాయి కనుక ‘వెరీ కోల్డ్’ అనడం ఒప్పు. ‘డెడ్’ అనే గుణానికి మెట్లు లేవు. మరణించిన మనిషిని గూర్చి తెలుగులో కూడా ‘చాలా చచ్చిపోయాడు’ అనరు. ఈ రెండింటికీ నడుమ మూడవ రకం ఒకటున్నది. ‘ఫ్రీజింగ్’, ‘హ్యూజ్’, ‘ఎగ్జాస్టెడ్’ వంటి విశేషణాలు తమలోనే ‘చాలా’ అనే అర్థాన్ని ఇముడ్చుకొని ఉంటాయి. ‘ఫ్రీజింగ్’ అంటేనే గడ్డకట్టించేంత చలి. దాని ముందు ‘వెరీ’ పెడితే నిండిన కుండలో నీరు పోసినట్లవుతుంది. అటువంటి చోట ఇంగ్లీషువారు ‘అబ్సల్యూట్లీ ఫ్రీజింగ్’, ‘కంప్లీట్లీ ఎగ్జాస్టెడ్’ అంటారు. అనగా పెంచే మాటకు బదులు, ‘పూర్తిగా’ అని ముద్ర వేసే మాటను వాడతారు. తెలుగులో ‘నిండు కుండ’ను ‘చాలా నిండు కుండ’ అనక ‘పూర్తిగా నిండిన కుండ’ అన్నట్లే ఇదీను. ‘యునీక్’ అనే విశేషణం మీద మాత్రం ఆంగ్లేయులలోనే తగవు ఉన్నది. ఏకైకమైనదానికి మెట్లెక్కడివని ఒక పక్షం వాదిస్తుండగా, ‘వెరీ యునీక్’ అనేవారు అంటూనే ఉన్నారు.

ఇంతగా వాడబడుతున్న ‘వెరీ’ పుట్టుకతో కొలతమాట కాదు, ఇంగ్లీషు మాటా కాదు. లాటిన్ భాషలో ‘వేరుస్’ అంటే సత్యమైనది. దాని నుండి ప్రాచీన ఫ్రెంచిలో ‘వెరాయ్’ అనే రూపం ఏర్పడింది. నేటి ఫ్రెంచిలో నిజమనే అర్థమున్న ‘వ్రై’ దాని సంతతే. నార్మన్లు 1066లో ఇంగ్లాండును జయించిన పిమ్మట, ఫ్రెంచి మాటలు వేలకొద్దీ ఇంగ్లీషులోకి వచ్చాయి. వాటితోపాటు ఇదీ వచ్చింది. 14వ శతాబ్ది చివర చాసర్ కవి తన ‘కాంటర్‌బరీ టేల్స్’ పీఠికలో ఒక వీరుని వర్ణిస్తూ ఈ మాట వాడాడు. నేటి పాఠకులు దానిని ‘చాలా’ అని పొరబడతారు. ఆ కవి అన్నది ‘నిజమైన’ వీరుడని. ‘ద వెరీ మ్యాన్’ అంటే ‘అచ్చంగా ఆ మనిషే’ అనే నేటి ప్రయోగంలో ఆ పాత అర్థం ఇంకా సజీవంగా ఉన్నది. నిజంగా మంచివాడు అన్నది క్రమంగా చాలా మంచివాడు అయింది. నిజాన్ని నొక్కి చెప్పడం నుండి కొలతను పెంచడం వరకు ఉన్న దూరం చిన్నదే.

‘వెరీ’ రాకముందు ఆ పీఠం ఖాళీగా లేదు. ప్రాచీన ఇంగ్లీషులో బలమనే అర్థం గల ధాతువు నుండి వచ్చిన ‘స్వీథె’ అనే మాట ఆ పని చేసేది. అది పూర్తిగా అంతరించింది. ‘వెల్’, ‘ఫుల్’, ‘రైట్’ అనేవి వంతులవారీగా ఏలాయి. ‘రైట్’ పాలన ముగిసి చాలా కాలమైనా, బిరుదులలో దాని ఆనవాళ్లు మిగిలాయి. బ్రిటిష్ రాజుకు సలహాలిచ్చే ప్రీవీ కౌన్సిల్ సభ్యులను ‘రైట్ ఆనరబుల్’ అంటారు. మిక్కిలి గౌరవనీయులని దాని భావం. ఇంగ్లాండు చర్చిలో ఈ మాటలు హోదాలుగా కూడా స్థిరపడ్డాయి. డీన్ ‘వెరీ రెవరెండ్’, బిషప్ ‘రైట్ రెవరెండ్’, ఆర్చిబిషప్ ‘మోస్ట్ రెవరెండ్’. దక్షిణ ఇండియా సంఘానికి చెందిన బిషప్పుల పేర్ల ముందు నేటికీ ‘రైట్ రెవరెండ్’ అనే కనిపిస్తుంది. ‘రైట్’ అంటే ఒప్పు అని మాత్రమే తెలిసిన విద్యార్థికి ఆ బిరుదు అర్థం కాకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కొలతమాటలు ఇలా ఎందుకు మారుతూ ఉంటాయి? వాడకంలో నాణెం అరిగినట్లు ఇవి అరుగుతాయి. అందరూ అన్నింటికీ ‘చాలా’ అంటే, ఆ ‘చాలా’కు బరువు తగ్గుతుంది. తన మాటకు బరువు కావాలనుకున్నవాడు కొత్త మాటను వెదుకుతాడు. ఆ వెదుకులాటలో తరచుగా చేతికి దొరికేవి భయాన్ని, బాధను చెప్పే మాటలు. ‘ఆఫుల్’ అంటే ఒకప్పుడు భయభక్తులు గొలిపేది అని అర్థం. దాని నుండి వచ్చిన ‘ఆఫులీ’ ఈనాడు ‘ఆఫులీ నైస్’ అంటూ మంచితనం పక్కన నిలుస్తున్నది. ‘టెరిబ్లీ’, ‘డ్రెడ్‌ఫులీ’, ‘ఫ్రైట్‌ఫులీ’ అన్నీ ఈ కోవలోనివే. జర్మన్ భాషలో ‘చాలా’ అనే అర్థంలో వాడే ‘జేర్’ ఒకనాడు ‘నొప్పిగా’ అనే అర్థమిచ్చేది. పుండును, నొప్పిని చెప్పే ఇంగ్లీషు ‘సోర్’ దానికి జ్ఞాతి. తెలుగువారు కూడా ‘భయంకరమైన జ్ఞాపకశక్తి’ అంటారు. ఆ జ్ఞాపకశక్తిని చూసి ఎవరూ భయపడరు. తెలంగాణలో వినిపించే ‘మస్తు’ అనే మాట మత్తెక్కినవాడు అనే అర్థం గల పారశీక పదం నుండి వచ్చింది. అన్నింటికంటె వింత ‘చాలా’ కథ. ‘చాలు’ అనే క్రియ నుండి పుట్టిన ఈ మాటకు మూలార్థం ‘సరిపడునంత’ అని. ఇక వద్దు అని చెప్పే మాట, ఎంతో ఉన్నదని చెప్పే మాట ఒకే కొమ్మకు పూశాయి.

18వ శతాబ్దిలో ఇంగ్లాండు నాగరిక స్త్రీపురుషులకు ‘వాస్ట్లీ’ అనే మాట మీద మోజు కలిగింది. విశాలంగా, అపారంగా అని దాని అర్థం. చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు 1754లో ‘ద వరల్డ్’ అనే పత్రికలో ఈ మోజును ఎగతాళి చేశాడు. పదిమంది కూడిన చోట ఎవరో చిన్న బంగారు నశ్యపు డబ్బీని చూపితే, ఒక స్త్రీ అది అపారంగా చిన్నది కనుక అపారంగా ముద్దుగా ఉన్నదన్నదట. విశాలమైన చిన్నతనం ఎలా ఉంటుందో ఆయనకు అర్థం కాలేదు. ఎగతాళిలో న్యాయమున్నది గాని, పెద్ద ఫలితం లేకపోయింది. ‘వాస్ట్లీ’ మోజు తగ్గాక మరొక మాట వచ్చింది. రీకా ఇతో, సాలీ టాగ్లియమోంటె అనే భాషాశాస్త్రవేత్తలు ఇంగ్లాండులోని యార్క్ నగరవాసుల సంభాషణలను పరిశీలించి 2003లో ఒక వ్యాసం ప్రకటించారు. వృద్ధులు ‘వెరీ’ని ఎక్కువగా వాడుతున్నారనీ, యువకుల నోట ‘రియల్లీ’ బలపడుతున్నదనీ వారు గమనించారు. అమెరికాలో 1994 నుండి 2004 వరకు ప్రసారమైన ‘ఫ్రెండ్స్’ అనే టెలివిజన్ ధారావాహికను పరిశీలించిన మరొక వ్యాసం 2005లో వెలువడింది. ఆ పాత్రలు ‘వెరీ’, ‘రియల్లీ’ అనే రెండింటికంటె ‘సో’ అనే మాటనే ఎక్కువగా పలికాయి. ‘రియల్లీ’ అంటే నిజంగా అని అర్థం. అనగా 700 ఏళ్ల నాడు ‘వెరీ’ నడిచిన బాటలోనే ఇప్పుడు ‘రియల్లీ’ నడుస్తున్నది.

ఈ మాటలలో తెలుగు విద్యార్థిని ఎక్కువగా తికమక పెట్టేది ‘టూ’. గుణం అవసరమైన హద్దును దాటిపోయిందని, దాని వలన ఏదో ఒక చిక్కు వచ్చిందని ఆ మాట సూచిస్తుంది. నిఘంటువు చూసినవారికి ‘టూ’ అంటే ‘మిక్కిలి’ అని కనిపిస్తుంది; ‘వెరీ’ అంటే కూడా ‘మిక్కిలి’ అనే కనిపిస్తుంది. అందువలన రెండూ ఒకటేనని అనుకుంటారు. నిజానికి ఈ భేదం తెలుగులో లేనిది కాదు. ‘అతడు చాలా మంచివాడు’ అన్న వాక్యాన్నీ, ‘అతడు మరీ మంచివాడు’ అన్న వాక్యాన్నీ పక్కపక్కన ఉంచి చదివితే చాలు. మొదటిది విన్నవారు సంతోషిస్తారు. రెండవది విన్నవారు ‘ఏమైంది? ఎవరైనా మోసం చేశారా?’ అని అడుగుతారు. ‘కూరలో ఉప్పు మరీ ఎక్కువైంది’, ‘మరీ ఇంత ఆలస్యమా?’ వంటి మాటలు ప్రతి తెలుగు ఇంటిలోను వినిపిస్తాయి. ‘వెరీ’కి ‘చాలా’, ‘టూ’కు ‘మరీ’ అని నిఘంటువులు వేరుచేసి చూపి ఉంటే, ఎన్నో జవాబుపత్రాలలో ఎర్ర సిరా ఆదా అయ్యేది.

‘టూ’ తరువాత విశేషణం, దాని తరువాత ‘టు’తో క్రియ వచ్చే నిర్మాణం ఒకటున్నది. ‘హి ఈజ్ టూ వీక్ టు వాక్’ అన్న వాక్యంలో ఎక్కడా ‘కాదు’, ‘లేదు’ అనే మాట లేదు. అయినా అతడు నడవలేడనే అర్థం వస్తుంది. వ్యతిరేకార్థం ‘టూ’ కడుపులో దాగి ఉన్నది. ఇది గ్రహించని విద్యార్థి వాక్యం చివర మరొక ‘నాట్’ చేర్చి అర్థాన్ని చెడగొడతాడు. తెలుగు ఇదే భావాన్ని దాచకుండా పైకి చెబుతుంది: ‘అతడు నడవలేనంత నీరసంగా ఉన్నాడు’. ‘మోయలేనంత బరువు’, ‘తాగలేనంత వేడి’, ‘నమ్మలేనంత వింత’ అన్న మాటలలోని ‘లేనంత’ అనే ముక్కలో లేమి, కొలత రెండూ ఉన్నాయి. కనుక తెలుగులో ‘లేనంత’ అని వచ్చిన ప్రతిచోట ఇంగ్లీషులో ‘టూ’ పెట్టి, ఆ ‘లే’ను వదిలివేయాలి. ‘సో’ వాడినపుడు మాత్రం లేమిని విడిగా చెప్పక తప్పదు: ‘హి ఈజ్ సో వీక్ దట్ హి కెనాట్ వాక్’. ఒకే తెలుగు మాటకు ఇంగ్లీషులో రెండు దారులున్నాయి. ఒక దారిలో నడుస్తూ మరొక దారిలో కాలు పెట్టడం వల్లనే తప్పు జరుగుతున్నది.

దీనికి ఎదురుగా నిలిచేది ‘ఎనఫ్’. తక్కిన మాటలన్నీ విశేషణానికి ముందు నిలిస్తే ఇది ఒక్కటే వెనుక నిలుస్తుంది. జూనియర్ కళాశాలలో చదివే 17 ఏళ్ల విద్యార్థిని ‘టూ యంగ్ టు వోట్’. ఆమెకు 18 నిండి, జాబితాలో పేరు చేరితే ‘ఓల్డ్ ఎనఫ్ టు వోట్’. 1988 నాటి 61వ రాజ్యాంగ సవరణ అమలులోకి రాకముందు ఆ హద్దు 21 ఏళ్లు. ‘టూ’, ‘ఎనఫ్’ అనే మాటలకు అర్థం రావాలంటే ఇటువంటి హద్దు ఒకటి ఎక్కడో ఉండాలి. ‘వెరీ యంగ్’ అనడానికి ఏ హద్దూ అక్కరలేదు. అయితే ప్రతి ‘టూ’ కూడా ఆక్షేపణ కాదు. బహుమతి అందుకున్నవారు ‘యు ఆర్ టూ కైండ్’ అంటారు. ‘నాకు ఇంత అర్హత లేదు’ అనే వినయం అందులో ఉన్నది. మిత్రుల ముచ్చట్లలో ‘టూ గుడ్’ అన్నది మెప్పుగా చెల్లుబాటవుతున్నది. ముచ్చట్లకు అది చాలు, దరఖాస్తులకు చాలదు.

‘క్వైట్’ అనే మాట వేరొక రకంగా మోసం చేస్తుంది. తరతమ భేదం లేని విశేషణం ముందు నిలిస్తే దాని అర్థం ‘పూర్తిగా’ అని: ‘క్వైట్ ఇంపాజిబుల్’ అంటే బొత్తిగా అసాధ్యం. తరతమ భేదం గల విశేషణం ముందు నిలిస్తే బ్రిటిష్ ఇంగ్లీషులో ‘ఫరవాలేదు’ అనే స్థాయికి దిగుతుంది. ‘క్వైట్ గుడ్’ అని లండనులో ఒక ఆచార్యుడు సిఫారసు లేఖలో వ్రాస్తే అది చల్లని ప్రశంస. అదే మాటను అమెరికన్ వ్రాస్తే ‘చాలా బాగున్నది’ అని తీసుకోవచ్చు. లేఖ ఏ తీరం నుండి వచ్చిందో తెలియకుండా దాని బరువు తూచడం కష్టం. ‘ఫెయిర్లీ’, ‘రాదర్’ అనే జంటలో ఇంకొక సూక్ష్మం ఉన్నది. కోరదగిన గుణానికి ‘ఫెయిర్లీ’, కోరదగనిదానికి ‘రాదర్’ సాధారణంగా జతపడతాయి. వేసవిలో గది ‘ఫెయిర్లీ కూల్’ అంటే హాయి. ‘రాదర్ కూల్’ అంటే దుప్పటి అడుగుతున్నట్లు.

తారతమ్యం చెప్పే రూపాల ముందు ‘వెరీ’ నిలవదు. ‘వెరీ టాలర్’ అనడం తప్పు, ‘మచ్ టాలర్’ అనాలి. ఈ తప్పు చేయడానికి కారణం తెలుగు నిర్మాణంలోనే ఉన్నది. ఇంగ్లీషులో ‘టాల్’ అనే విశేషణం పోలికలో ‘టాలర్’గా రూపం మార్చుకుంటుంది. తెలుగు విశేషణం అలా మారదు; ‘కంటె’ అనే మాటే పోలిక భారాన్నంతా మోస్తుంది. ‘సీత చాలా పొడుగు’, ‘గీత కంటె సీత చాలా పొడుగు’ అనే రెండు వాక్యాలలోను ‘చాలా పొడుగు’ ఒక్కటిగానే ఉన్నది. అందుచేత ‘కంటె’ కనిపించిన వాక్యంలో ‘చాలా’ను ‘మచ్’గా మార్చాలని గుర్తుంచుకొంటే సరిపోతుంది.

ఏ విశేషణానికి ఏ కొలతమాట జతకూడుతుందో అన్నిచోట్ల సూత్రాలు చెప్పవు. ఇంగ్లీషులో చలి ‘బిటర్లీ కోల్డ్’, కృతజ్ఞత ‘డీప్లీ గ్రేట్‌ఫుల్’, విద్యావంతుడు ‘హైలీ ఎడ్యుకేటెడ్’. గాఢనిద్రలో ఉన్నవాడు ‘ఫాస్ట్ అస్లీప్’. ఇక్కడి ‘ఫాస్ట్’ వేగం కాదు, గట్టిగా అని దాని పాత అర్థం. బొత్తిగా చెవుడైతే ‘స్టోన్ డెఫ్’, రాయివంటి చెవుడు. తెలుగులో అది బ్రహ్మచెవుడు. రాయి స్థానంలో బ్రహ్మ ఎందుకు వచ్చాడో తర్కానికి అందదు. తారువంటి చీకటి ‘పిచ్ డార్క్’; తెలుగులో చిమ్మచీకటి, కటికచీకటి, కారుచీకటి. పేదరికం కటిక దరిద్రమవుతుంది గాని చిమ్మ దరిద్రం కాదు. అబద్ధం పచ్చిదవుతుంది, ముసలితనం పండుతుంది. ఇవి తెలుగులో పుట్టి పెరిగినవారికి పుస్తకం చూడకుండానే వస్తాయి. ఇంగ్లీషు జంటలు కూడా అలా చదివి, విని అలవరచుకోవలసినవే.

తెలుగుకు మరొక ప్రత్యేక మార్గం ఉన్నది. మాటను రెండుమార్లు పలికి, మొదటిదానిని కుదించి, నడుమ ద్విరుక్తటకారాన్ని చేర్చి అతిశయాన్ని చెప్పడం. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ఆమ్రేడిత సంధి ప్రకరణంలో చెప్పిన ఈ విధిని విద్యార్థులు కంఠస్థం చేస్తారు. కడ, కడ కలిసి కట్టకడ. మొదట, మొదట కలిసి మొట్టమొదట. బయలు, బయలు కలిసి బట్టబయలు. పగలు, పగలు కలిసి పట్టపగలు. పరీక్షలో సంధి విడదీసి రెండు మార్కులు తెచ్చుకొనే ఈ మాటలు అనువాదంలో ఎంత పనికివస్తాయో చాలామంది గమనించరు. ‘ద వెరీ ఫస్ట్’ అన్నదానిని ‘చాలా మొదటి’ అని అనువదిస్తే నవ్వు వస్తుంది. ‘మొట్టమొదటి’ అంటే అతికినట్లు ఉంటుంది. ‘అట్ ద వెరీ ఎండ్’ అంటే చిట్టచివర. ‘ఇన్ బ్రాడ్ డేలైట్’ అంటే పట్టపగలు.

సాధారణ సంభాషణలో ఈ మాటల కొలత అంచనా మాత్రమే. ఒకరి ‘వెరీ హాట్’ మరొకరికి ‘ఫెయిర్లీ హాట్’ కావచ్చు; దాని వలన ఎవరికీ నష్టం లేదు. కాని ప్రాణాలు, పంటలు ఆ మాట మీద ఆధారపడినపుడు అంచనా చాలదు. అందుకే భారత వాతావరణ శాఖ ఈ మాటలకు అంకెలు కట్టింది. 24 గంటలలో 64.5 నుండి 115.5 మిల్లీమీటర్ల వరకు కురిస్తే ‘హెవీ’. 115.6 నుండి 204.4 వరకు ‘వెరీ హెవీ’. అంతకు మించితే ‘ఎక్స్‌ట్రీమ్లీ హెవీ’. తెలుగు ప్రకటనలలో ఇవి వరుసగా భారీ, అతి భారీ, అత్యంత భారీ వర్షాలు. ఇక్కడ ‘అతి’ అన్నది ‘మరీ’ అనే అర్థంలో లేదు; వర్షం హద్దు మీరిందని ఫిర్యాదు చేయడం లేదు. 115.6 మిల్లీమీటర్ల మెట్టు దాటగలదని చెబుతున్నది, అంతే. ఆ ఒక్క మాటను బట్టి కలెక్టరు బడులకు సెలవు ప్రకటించవచ్చు, రైతు కల్లంలోని ధాన్యం మీద పట్టాలు కప్పుకోవచ్చు.

తుపానుల విషయంలో కూడా ఇదే పద్ధతి. గాలి వేగాన్ని నాట్‌లలో లెక్కిస్తారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. 48 నుండి 63 నాట్‌ల వరకు ‘సివియర్’, అనగా తీవ్ర తుపాను. 64 నాట్‌ల నుండి ‘వెరీ సివియర్’, అనగా అతి తీవ్ర తుపాను. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటినపుడు వాతావరణ శాఖ దానిని ‘వెరీ సివియర్’ అనే పేర్కొన్నది. గాలి వేగం గంటకు దాదాపు 180 కిలోమీటర్లు, అనగా 97 నాట్‌లు. 64 నుండి 119 నాట్‌ల వరకు ఉన్న తుపానులన్నింటికీ అప్పట్లో ఆ ఒక్క మాటే ఉండేది. ఇళ్ల పెంకులు లేపే గాలికీ, నగరంలోని చెట్లనన్నింటినీ నేలకూల్చే గాలికీ ‘వెరీ’ ఒక్కటే. 2015లో వాతావరణ శాఖ ఆ మెట్టును రెండుగా చీల్చింది. 89 నాట్‌ల వరకు ‘వెరీ సివియర్’ను ఉంచి, 90 నుండి 119 వరకు ‘ఎక్స్‌ట్రీమ్లీ సివియర్’ అనే కొత్త మెట్టు కట్టింది. హుద్‌హుద్‌నాటి గాలి ఈనాడు మళ్లీ వీస్తే, రేవులోని మత్స్యకారులు రేడియోలో వినే మాట ‘అత్యంత తీవ్ర తుపాను’.